ఆఖరి బ్యాచ్

"మన ఇంటికే పిలిచావు," అంది కొరీన్. "మన బల్ల దగ్గర కూర్చోబెట్టి, మన చేత్తో తిండి పెట్టి మరీ ఆ పిల్ల గొంతు కొయ్యడానికి."

రోల్ఫ్ హాగెన్ అలమర లోంచి మంచి పళ్ళేలు తీసి తుడుస్తున్నాడు. తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడిచాడు.

"అంత పెద్ద మాటలెందుకు? భోజనానికి పిలిచాను. ఏటా ఏప్రిల్ ఆఖర్లో ఎవరో ఒక పిల్లనీ వాళ్ళ వాళ్ళనీ పిలుస్తూనే ఉన్నాం కదా."

"ఏటా కాలేజీ ఉండేది."

"ఇప్పుడూ ఉంది."

"ఎన్నాళ్ళుంటుంది?"

అతను పళ్ళెం మీద లేని మరకని బొటనవేలితో గోకాడు.

నిన్న సాయంత్రం నార్డ్‌బీ కాలేజీ ట్రస్టీలు తలుపులు వేసుకుని తేల్చేశారు. వచ్చే వేసవికి కాలేజీ మూత. ఆ సంగతి చలికాలం దాకా బయటికి పొక్కకూడదు. అడ్మిషన్లు చూసే మనిషి కాబట్టి రోల్ఫ్‌ని కూడా ఆ గదిలో కూర్చోబెట్టారు. ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ అతను భార్యకి చెప్పాడు. వర్షం వచ్చేలా ఉందని చెప్పినట్టు చెప్పాడు. అప్పటినుంచీ ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. పొద్దున చర్చిలో ఇద్దరూ ఒకే పాటల పుస్తకం చెరోవైపు పట్టుకుని, ఊరంతా చూస్తుండగా గొంతు కలిపి పాడారు. ఇంటికొచ్చి ఏప్రన్ కట్టుకున్నాక గానీ కొరీన్ నోరు విప్పలేదు.

"స్టేట్ యూనివర్సిటీలో ఆ పిల్లకి చిల్లిగవ్వ ఖర్చు లేదు," అంది బంగాళాదుంపల తొక్క తీస్తూ. "చదువు, గది, తిండి, అంతా వాళ్ళే చూసుకుంటామన్నారు. ఆ సీటు వదులుకుంటే మళ్ళీ ఇస్తారా? చచ్చినా ఇవ్వరు. స్కూలు నుంచి నేరుగా వచ్చిన పిల్లలకే ఆ స్కాలర్‌షిప్. అది మానేసి నీ మాట నమ్మి మన దగ్గరికొస్తుంది. ఏడాది తిరగ్గానే మనం తాళం వేస్తాం. అప్పుడా పిల్ల ఏమైపోవాలి? వాళ్ళమ్మ పక్కన నిలబడి పందుల్ని కొయ్యాలా?"

"వేరే కాలేజీలు తీసుకుంటాయి."

"అప్పు చేసుకుని చేరితే తీసుకుంటాయి. ఎవరు కడతారు? నువ్వా?"

"నేనొక్కణ్ణే ఆ తీర్మానం చేసినట్టు మాట్లాడకు."

"నువ్వు చెయ్యలేదు. నువ్వు చేసేది ఇంకా నీచం. వాళ్ళు మూస్తామన్నారు. నువ్వు మూసే ఇంట్లోకి అద్దెకి మనుషుల్ని పిలుస్తున్నావు."

రోల్ఫ్ పళ్ళెం బల్ల మీద పెట్టాడు. పెట్టిన తీరుకి అది పగలాలి. పగల్లేదు.

"నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు. "ఎక్కణ్ణించి తేవాలి పిల్లల్ని? పద్దెనిమిదేళ్ళ కిందట ఈ దేశంలో ఇళ్ళు వేలానికి పోతుంటే, ఉద్యోగాలు ఊడుతుంటే, జనం పిల్లల్ని కనడం మానేశారు. మళ్ళీ మొదలెట్టలేదు. మన వీధిలో ఆ ఏడాది పుట్టిందెవరు? మన అమ్మాయి బ్రిట ఒక్కతే. ఆ పుట్టని పిల్లలంతా ఈ ఏడు కాలేజీకి రావాల్సినవాళ్ళు. పుట్టనివాళ్ళకి నేనెలా ఉత్తరాలు రాయను? పుట్టినవాళ్ళలో సగంమంది ఖర్చు చూసి పారిపోతున్నారు. మిగిలింది ఇవాళ వచ్చే యారెలి లాంటి పిల్లలు. వాళ్ళ ఇళ్ళలోనే ఇంకా పిల్లలున్నారు. వాళ్ళ అమ్మానాన్నలే ఇంకా చదువంటే దణ్ణం పెడుతున్నారు."

"అందుకని వాళ్ళనే ముంచుతావా?"

"మంచి కాలేజీ అని చెప్తున్నాను. అది అబద్ధం కాదు."

"చచ్చిపోయే మనిషిని చూపించి మంచివాడు, పెళ్ళి చేసుకోమన్నట్టుంది. అదీ అబద్ధం కాదు."

కొరీన్ కత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

"ఒక్క మాట విను రోల్ఫ్. వాళ్ళు వచ్చి కూర్చున్నాక నువ్వే చెప్పు. చెప్పకపోతే నేను చెప్తాను. ఆ పిల్ల మొహం మీదే చెప్తాను. స్టేట్‌కి వెళ్ళిపో తల్లీ, ఇటు తిరిగి చూడకు అని చెప్తాను. తర్వాత నీ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నాకు అక్కర్లేదు."

కింద సెల్లార్లో బట్టలు ఉతికే మిషను ఆఖరి తిప్పుడు మొదలుపెట్టింది. వంటింటి నేల సన్నగా వణికింది.

రోల్ఫ్ భార్య వంక చూశాడు. చెప్పాలా వద్దా అని నిన్నటి నుంచీ దాచుకున్న మాటని ఇప్పుడు తీశాడు.

"సరే. చెప్పు. చెప్పేముందు డార్లాకి కూడా చెప్పు."

"డార్లాకేమిటి?"

డార్లా కొరీన్ దగ్గర నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. నలభయ్యేళ్ళ మనిషి. తెల్లారగట్ల స్కూలు బస్సు నడిపి, ఆ డ్రస్సు మీదే క్లాసుకొస్తుంది. కొరీన్ చేతికింద అలాంటివాళ్ళు పంతొమ్మిది మంది ఉన్నారు. ఇంకొక్క ఏడాది చదివితే నర్సులు.

"కొత్త బ్యాచ్ నిండితేనే వచ్చే ఏడాది నడుస్తుంది," అన్నాడు రోల్ఫ్. "నిండకపోతే వచ్చే వేసవి దాకా కూడా ఆగరు. ఈ ఆగస్టులోనే తాళం. నీ పంతొమ్మిది మందీ సగంలో రోడ్డు మీద. నర్సింగ్ సగంలో ఉన్నవాళ్ళని ఏ కాలేజీ తీసుకుంటుందో నాకంటే నీకే తెలుసు. మళ్ళీ మొదటి నుంచి చదవమంటారు. డార్లా చదువుతుందా మళ్ళీ మొదటి నుంచి?"

కొరీన్ ఏప్రన్ ముడి సరిచేసుకుంది.

"కొత్తవాళ్ళు కట్టెలు," అన్నాడు అతను, గొంతు తగ్గించి. "పాతవాళ్ళ కూడు ఉడకాలంటే ఆ కట్టెలు పొయ్యిలో పెట్టాల్సిందే. అంతకంటే మంచి మాట నా దగ్గర లేదు. ఒక్క యారెలి వెళ్ళిపోతే పోయేదేముందంటావు. ఆ పిల్ల వస్తుందని వాళ్ళ వీధిలో ఇంకో ఆరుగురు వస్తామన్నారు. అది వెళ్తే వాళ్ళూ వెళ్తారు. ఇప్పుడు చెప్పు. ఎవరి మొహం మీద చెప్తావో చెప్పు."

కొరీన్ మళ్ళీ కత్తి తీసుకుంది. చేతిలో దుంపకి తొక్క ఎప్పుడో అయిపోయింది. అయినా చెక్కుతూనే ఉంది.

*

"ఏమిటా గుసగుసలు? హామ్ మాడుతోంది, ముక్కులు పనిచెయ్యడం లేదా మీకు?"

చర్చికి వేసుకెళ్ళిన నీలం గౌను విప్పకుండానే ఆర్డిస్ వంటింట్లోకొచ్చింది. కొరీన్ తల్లి ఆమె. ఆమె మామగారు నార్డ్‌బీలో లాటిన్ చెప్పాడు. భర్త చరిత్ర చెప్పాడు. కూతురు నర్సింగ్ చెప్తోంది, అల్లుడు పిల్లల్ని చేరుస్తున్నాడు. ఆ కాలేజీ గడియార స్తంభం తన పెరట్లో ఉన్నట్టే మాట్లాడుతుంది.

"ఆ మెక్సికో పిల్లేనా వచ్చేది?" అంది ఓవెన్ తలుపు తీసి చూస్తూ. "మంచిదే. వాళ్ళకైనా చదువు విలువ తెలుసు. మన మహాతల్లి ఉంది చూడు. తాత, ముత్తాత చదువు చెప్పిన ఇంట్లో పుట్టి కరెంటు స్తంభాలెక్కుతుందట. కోతిలా."

"అమ్మా, ఇవాళ ఆ మాట వద్దు," అంది కొరీన్.

"నేనెందుకంటానే? వారం నుంచీ నువ్వే అంటున్నావు. తిండి మానేశావు. ఆ పని మాట మళ్ళీ ఎత్తితే ఇంట్లో ఉండొద్దన్నావు. నేను ఊ కొట్టాను, అంతే."

అన్నది నిజమే. హైస్కూలు ముగియగానే లైన్‌మన్ శిక్షణలో చేరతానని బ్రిట పోయిన ఆదివారం ఈ బల్ల దగ్గరే చెప్పింది. నేర్చుకుంటున్నంతకాలం వాళ్ళే జీతమిస్తారు, చదువుకి అప్పు చెయ్యక్కర్లేదు అంది. నార్డ్‌బీలో చేరకముందు కొరీన్ ఆస్పత్రిలో కాలిన గాయాల వార్డులో పనిచేసింది. కరెంటు కొట్టిన లైన్‌మన్ చేతులకి కట్లు మార్చింది. ఆ చేతులు ఎలా ఉంటాయో కూతురికి వర్ణించి వర్ణించి చెప్పింది. పిల్ల వాంతి చేసుకుంది. మనసు మాత్రం మార్చుకోలేదు.

"కుర్చీలు తెస్తాను," అని రోల్ఫ్ బయటపడ్డాడు.

గరాజ్‌లో బ్రిట అప్పటికే ఉంది. మడత కుర్చీలు దించి గోడకి ఆనించి, వాటి ముందు చేతులు కట్టుకుని నిలబడింది. తండ్రి ఎత్తు వచ్చేసింది. నుదురు మాత్రం తల్లిది.

"కిందనే ఉన్నాను," అంది. "బట్టలు ఉతుకుతున్నాను. వేడిగాలి గొట్టం జాలీ లోంచి వంటింట్లో మాటలన్నీ వినబడతాయి నాన్నా. చిన్నప్పుడు క్రిస్మస్ కానుకలేమిటో అలాగే తెలుసుకునేదాన్ని."

రోల్ఫ్ కుర్చీ మీద చెయ్యి వేశాడు. ఎత్తలేదు.

"ఎంతవరకు విన్నావు?"

"చాలినంత. మిషను ఆఖరి తిప్పుడు మొదలెట్టేదాకా విన్నాను."

"ఆ మాటలు బయటికి పోకూడదు."

"యారెలి నాలుగేళ్ళుగా నా బంతి పట్టుకుంది," అంది బ్రిట. స్కూలు సాఫ్ట్‌బాల్ జట్టులో తను బంతి వేసేది, యారెలి వెనక కూర్చుని పట్టేది. "నేనెలా వేసినా పట్టుకుంది. మొన్న స్టేట్ వాళ్ళ ఉత్తరం నాకు చూపించి ఏడ్చింది. సంతోషంతో కాదు. వదులుకోవాలని. వాళ్ళమ్మ చేతులు పడిపోతున్నాయి, డాక్టరు దగ్గరికెళ్తే ఇంగ్లీషులో చెప్పేవాళ్ళు ఉండరు, దూరం వెళ్ళలేను, మీ నాన్న ఉన్నారుగా, నార్డ్‌బీలోనే చదువుకుంటాను అంది. మీ నాన్న ఉన్నారుగా అంది!"

"నేను వివరంగా చెప్తాను..."

"ఒక్కటి చెప్పు చాలు. నన్నెందుకు నార్డ్‌బీకి రమ్మనలేదు?"

బయట వీధిలో ఎవరో ట్రాక్టరు నడుపుకుంటూ పోయారు. మొక్కజొన్న విత్తే రోజులు. ఆ చప్పుడు పోయేదాకా రోల్ఫ్‌కి కాస్త వ్యవధి దొరికింది. అదీ చాల్లేదు.

"అమ్మమ్మ అడిగితే ఏమన్నావు? బ్రిటకి పెద్ద చోటు కావాలి, స్టేట్‌కే పంపుదాం అన్నావు. నా అప్లికేషన్ నువ్వే కూర్చుని నింపావు. అప్పటికే తెలుసా నీకు?"

"అనుమానం ఉండేది."

"అనుమానం ఉన్న కాలేజీ నాకొద్దు. యారెలికి పర్వాలేదు."

"నువ్వు నా కూతురివి!"

"అది ఎవరి కూతురూ కాదా?"

రోల్ఫ్ మొహం నల్లబడింది. అలాంటప్పుడు అతనికి ఎక్కడ కొడితే తగులుతుందో బాగా తెలుస్తుంది. ఇంటింటికీ తిరిగి మనుషుల్ని ఒప్పించే పని అతనికి నేర్పిన విద్య అదే.

"నీకెందుకమ్మా చదువుల గొడవ?" అన్నాడు మెత్తగా. "చదువే అక్కర్లేదన్నావుగా. ఏ కాలేజీ ఉంటే ఏం, ఏది పోతే ఏం? నీ స్తంభం నువ్వెక్కు. చదువుకోవాలనుకునే పిల్ల గురించి చదువొద్దన్న పిల్ల నాకు నీతులు చెప్తుందా?"

బ్రిట కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని కిందికి రానివ్వలేదు.

"నేను చెప్పను," అంది. "నాకు నోరు లేక కాదు. అమ్మ చెప్తానంది. యారెలి మొహం మీదే చెప్తానంది. విన్నాను. అమ్మ అన్న మాట తప్పదు."

మిషను తిరగడం మొదలయ్యాక వంటింట్లో ఏమైందో రోల్ఫ్ చెప్పలేదు.

"చూద్దాం," అని రెండు కుర్చీలు చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

*

యారెలి సిస్నెరోస్ పొట్టిగా, గట్టిగా ఉంటుంది. నవ్వితే పళ్ళ మీద క్లిప్పులు కనబడతాయి. తల్లి డెల్ఫినా ఊరవతల పందిమాంసం ఫ్యాక్టరీలో కోతల వరసలో పనిచేస్తుంది. ఆదివారం కదా అని పూల జాకెట్టు వేసుకుంది, పెదాలకి రంగేసుకుంది. రెండు చేతుల మణికట్లకీ బిగించిన పట్టీలు మాత్రం తియ్యలేదు. ఒడిలో పెట్టుకొచ్చిన గిన్నె నిండా మొక్కజొన్న పిండి తమాలీలు, ఇంకా పొగలు కక్కుతున్నాయి.

"అమ్మ పొద్దున లేచి చేసింది," అంది యారెలి. "వద్దన్నా వినలేదు, మిసెస్ హాగెన్."

"ఎందుకింత శ్రమ," అంది కొరీన్. ఆ గిన్నె అందుకుని బల్ల మధ్యలో పెట్టింది.

బల్ల దగ్గర ఆర్డిస్ ప్రార్థన చెప్పింది. ప్రార్థనలో నార్డ్‌బీ కాలేజీని కూడా చల్లగా చూడమంది. "ఆమెన్," అన్నాడు రోల్ఫ్ అందరికంటే ముందు.

ఆర్డిస్ తమాలీని మొక్కజొన్న పొత్తి ఆకుతో సహా కత్తితో కోసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకా నమిలింది.

"ఆకు విప్పి తినాలండీ," అంది యారెలి.

"ముందే చెప్పొద్దూ?" అంది ఆర్డిస్ రుమాల్లోకి ఊస్తూ. "నేను మీవాళ్ళ పళ్ళు గట్టివనుకున్నాను."

యారెలి నవ్వింది. తల్లి ఏమిటని అడిగితే, "చాలా బాగుందంటున్నారు," అని స్పానిష్‌లో చెప్పింది. డెల్ఫినా సంతోషపడి ఆర్డిస్ పళ్ళెంలో ఇంకొకటి వేసింది.

"మా మామగారి రోజుల్లో," అంది ఆర్డిస్, "మా ఆయన రోజుల్లో క్లాసులో కూర్చున్న పిల్లలందరికీ ఒకే రకం పేర్లు. హాజరు పిలవడం ఎంత తేలికో. ఇప్పుడు కొరీన్ క్లాసులో పేర్లు నాకు నోరు తిరగవు. మంచిదేలే. ఎవరో ఒకరు కుర్చీలు నింపాలి కదా."

బ్రిట ఫోర్కు పళ్ళెంలో చప్పుడు చేసింది. "అమ్మమ్మా!"

"ఏమన్నాను? మెచ్చుకున్నాను."

రోల్ఫ్ మాట అందుకున్నాడు. యారెలికి ఏ హాస్టల్లో గదిస్తారో చెప్పాడు. లైబ్రరీలో చిన్న ఉద్యోగం ఉందన్నాడు. ఇంటికి పావుగంట దూరం, అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళాలంటే ప్రొఫెసర్లు ఏమీ అనరు అన్నాడు. అతని గొంతులో తడబాటు లేదు. వెచ్చగా, నమ్మకంగా ఉంది. తనే తన మాటలు నమ్ముతున్నవాడిలా ముందుకి వంగి చెప్పాడు. యారెలి వాక్యం వాక్యం తల్లికి చెప్తూ వచ్చింది. డెల్ఫినా తలూపుతూ వింది.

బ్రిట తండ్రి వంక చూడలేదు. తల్లినే చూస్తోంది. ప్రతి మాట ముగిసినప్పుడూ ఇప్పుడు చెప్తుంది, ఇప్పుడు చెప్తుంది అన్నట్టు చూసింది. కొరీన్ ఉప్పు అందించింది. రొట్టెలు అందించింది. నీళ్ళు పోసింది. నిండుగా ఉన్న గ్లాసులో మళ్ళీ పోసింది.

"అదండీ సంగతి," అన్నాడు రోల్ఫ్. "ఇంకేమైనా అడగాలంటే అడగమను అమ్మని."

డెల్ఫినా నోరు తుడుచుకుని కూతురితో ఏదో అంది. యారెలి ఇబ్బందిగా నవ్వి తలడ్డంగా ఊపింది. తల్లి మళ్ళీ అంది, ఈసారి గట్టిగా.

"ఏమిటట?" అన్నాడు రోల్ఫ్.

"ఏం లేదండీ. ఊరికే..."

"పర్వాలేదు, చెప్పు."

"మిమ్మల్ని కాదు, మిసెస్ హాగెన్‌ని అడుగుతానంటోంది." యారెలి చెవులు ఎర్రబడ్డాయి. "సారు అమ్మేవారు, అమ్మేవాణ్ణి సరుకు గురించి అడక్కూడదు అంటోంది. ఏమనుకోకండి. ఆవిడైతే అమ్మ, అమ్మనే అడుగుతాను అంటోంది."

ఆర్డిస్ పకపకా నవ్వింది. రోల్ఫ్ కూడా నవ్వాడు.

డెల్ఫినా నవ్వలేదు. పట్టీలు కట్టిన చేతులు బల్ల మీద పెట్టి, కొరీన్ వైపు తిరిగి, నెమ్మదిగా ఒక్కో మాటా మాట్లాడింది. యారెలి కళ్ళు దించుకుని ఇంగ్లీషులోకి మార్చింది.

"నాకు ఈ సంగతులేవీ తెలియవు. పిల్ల నాకోసం పెద్ద సీటు వదులుకుంటోంది. నాకోసం అని చెప్పదు గానీ నాకు తెలుసు. అది సరైన పనేనా? మీ పిల్లయితే పంపుతారా అక్కడికి? మీరు పంపుతానంటే నేనిక అడగను."

బ్రిట తల్లి వైపు తిరిగి కూర్చుంది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు, భయం లేదు. తన తల్లి గురించి తనకి తెలిసినదే ఇప్పుడు అందరికీ తెలియబోతోందన్న గర్వం లాంటిది ఉంది.

కొరీన్ ఎదురుగా ఉన్న ఆ చేతుల్ని చూసింది. ఆ చేతుల పక్కన ఆమెకి డార్లా కనబడి ఉండాలి, బస్సు డ్రైవరు డ్రస్సులో, క్లాసులో మొదటి వరసలో. కొరీన్ పెదవులు తెరిచింది. మూసింది.

"పంపుతాను," అంది.

యారెలి తలెత్తింది.

"నార్డ్‌బీ మంచి చోటు," అంది కొరీన్. ఒకసారి మొదలయ్యాక మాటలు తేలిగ్గానే వచ్చాయి. అది ఆమెకే వింతగా అనిపించింది. "నేను పన్నెండేళ్ళుగా అక్కడున్నాను. నా కూతురినైనా అక్కడికే పంపుతాను. మీరు దిగులు పడకండి అని చెప్పు అమ్మకి."

యారెలి చెప్పింది. డెల్ఫినా గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలింది. లేచి వచ్చి కొరీన్ తలని తన పొట్టకి ఆనించుకుని, నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. కొరీన్ అలాగే కూర్చుంది. రోల్ఫ్ ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కృతజ్ఞత ఉంది. అది చూడలేక ఆమె కళ్ళు దించేసుకుంది.

"అయితే ఇప్పుడే స్టేట్ వాళ్ళకి రానని చెప్పేస్తాను," అంది యారెలి ఫోను తీస్తూ. "రోజూ తీసి చూసి మూసేస్తున్నాను. ఒక్క బటన్ నొక్కితే అయిపోతుంది. మీ అందరి ముందూ నొక్కితే ధైర్యంగా ఉంటుంది."

"ఆగు," అంది బ్రిట.

రోల్ఫ్ వెన్ను నిటారుగా అయింది.

బ్రిట లేచి నిలబడింది. మొహంలో రంగు లేదు. గొంతు మాత్రం ఎక్కడా వణకలేదు.

"నా పేరు కూడా రాసుకో నాన్నా."

"ఏమిటీ?"

"నేనూ నార్డ్‌బీకే వస్తాను. యారెలితో పాటు. ఇద్దరికీ ఒకే గది ఇవ్వు. స్టేట్‌కి నేనూ వద్దని చెప్పేస్తాను. ఆ స్తంభాల పనీ వద్దు. అమ్మ ఇంత గట్టిగా చెప్పాక ఇంక ఆలోచించడానికేముంది?"

యారెలి కేక పెట్టింది. కుర్చీ వెనక్కి తోసి వచ్చి బ్రిట మెడ చుట్టూ చేతులు వేసింది. తల్లికి స్పానిష్‌లో గబగబా చెప్పింది. డెల్ఫినా రెండు చేతులూ జోడించి, బ్రిట నుదుటి మీద శిలువ గుర్తు వేసింది.

ఆర్డిస్ ఏడ్చేసింది. "నాకు తెలుసు. రక్తం ఎక్కడికి పోతుంది? మా ఆయన వింటే ఎంత..." రుమాలు తీసి, అందులో నమిలి ఊసిన ఆకు ఉందని చూసుకుని, గౌను అంచుతో కళ్ళు తుడుచుకుంది. "రోల్ఫ్, చూస్తూ కూర్చున్నావేమయ్యా? రాసుకో పిల్ల పేరు. మళ్ళీ మనసు మార్చుకుంటుంది."

రోల్ఫ్ నోరు తెరిచాడు. ఎన్నో ఇళ్ళలో ఎన్నో బల్లల దగ్గర ఎప్పుడూ మాటకి తడుముకోని మనిషికి ఒక్క మాట దొరకలేదు.

"రా, ఇద్దరం ఒకేసారి నొక్కేద్దాం," అంది యారెలి. "నీ ఫోనేది? తియ్యి. ఒకటి, రెండు, మూడు అందాం."

బ్రిట ఫోను తీసింది. స్టేట్ యూనివర్సిటీ పేజీ తెరిచింది. అది చూసుకోకుండా తల్లినే చూస్తూ వేలు దాని మీద ఉంచింది.

"అమ్మా, నొక్కనా?"

కొరీన్ బల్ల అంచు పట్టుకుంది.

"బ్రిటా," అంది. "తొందరేముంది? అంత తొందరేం లేదు."

"చెప్పాల్సిన గడువు మే ఒకటి, వచ్చేస్తోంది కదా."

"అది సరే. కానీ నీకు... నీకు ఆ లైన్ల పనంటే ఇష్టం కదా. నేనే అనవసరంగా గొడవ చేశాను. మంచి పనే అది. నేర్చుకుంటూ జీతం వస్తుంది. అప్పు ఉండదు. నువ్వన్నావు చూడు, నువ్వన్నదే నిజం. ఆ పనిలోనే చేరు. నాకేం అభ్యంతరం లేదు."

"ఏమిటే, మతి పోయిందా నీకు?" అంది ఆర్డిస్. "వారం రోజులు తిండి మానేసి ఏడ్చావు. కాలిపోయిన చేతులంటూ పిల్లని జడిపించి చంపావు. ఇంట్లోంచి పొమ్మన్నావు. ఇవాళ తనంతట తను కాలేజీకి వస్తానంటే స్తంభమెక్కమంటావా? నార్డ్‌బీకి పంపుతానని ఇప్పుడేగా అన్నావు? నోరు ఆరలేదింకా!"

కొరీన్ ఒడిలోని రుమాలు మడిచి, మళ్ళీ విప్పింది.

యారెలి చెయ్యి బ్రిట భుజం మీద అలాగే ఉంది. నవ్వు మాత్రం మొహం మీద నుంచి కొంచెం కొంచెంగా తొలిగిపోయింది. ఆ పిల్ల రోల్ఫ్ వంక చూసింది. అతను ఫోర్కునీ కత్తినీ పళ్ళెం పక్కన వరసగా సర్దుతున్నాడు. కొరీన్ వంక చూసింది. ఆమె కళ్ళు ఎత్తలేదు. చివరికి బ్రిట వంక చూసింది. బ్రిట బుగ్గల మీదుగా నీళ్ళు కారుతున్నాయి.

"ఏమంటోంది ఆవిడ?" అని డెల్ఫినా స్పానిష్‌లో అడిగింది, ఇంకా నవ్వుతూనే.

యారెలి చెప్పలేదు.

"చెప్పవే, ఏమంటోంది?"

యారెలి ఫోనున్న చేతిని నెమ్మదిగా కిందికి దించింది. తల్లి నుంచి మొహం తిప్పుకుని, కొరీన్‌ని సూటిగా చూస్తూ, మర్యాద తప్పని గొంతుతో అడిగింది.

"మా అమ్మకి ఏం చెప్పమంటారు మిసెస్ హాగెన్?"